పెన్సిలు పెట్టెలతో యుద్ధానికి వెళ్ళిన పిల్లలు: ఒకినావాలోని హిమెయురి స్మారకశాల

'హిమెయురి' అన్నది మొదట ఒక బడి పత్రిక పేరు. జపాన్ దేశపు దక్షిణపు కొసన ఉన్న ఒకినావా ద్వీపంలో, నాహా నగరపు అంచున అసతో అనే చోట, యుద్ధానికి పూర్వం రెండు బాలికల విద్యాలయాలు ఒకే ఆవరణలో ఉండేవి. ఒకటి కాబోయే ఉపాధ్యాయినులకు శిక్షణనిచ్చే నార్మల్ స్కూలు బాలికల విభాగం. రెండవది ఒకినావా మొదటి బాలికోన్నత పాఠశాల. ఒక బడి పత్రికకు 'ఒతొహిమె' అని పేరు. జపాను జానపద కథలలో కడలి అడుగున కొలువుండే రాకుమారి ఆమె. రెండవ బడి పత్రిక పేరు 'షిరయురి', అనగా తెల్ల లిల్లీ పువ్వు. రెండు పత్రికలూ ఏకమైనప్పుడు రాకుమారిలోని 'హిమె'ను, పువ్వులోని 'యురి'ని కలిపి 'హిమెయురి' అన్నారు. కథలు, కవితలు, సెలవుల ముచ్చట్లు రాసుకునే ఆడపిల్లలు తమ పత్రికకు ముచ్చటపడి పెట్టుకున్న పేరు అది. ఈనాడు జపానులో ఆ మాట చెబితే ఎవరికీ పత్రిక స్ఫురించదు, గుహలు స్ఫురిస్తాయి.

1945 మార్చి 23 రాత్రి ఆ రెండు విద్యాలయాల నుండి 222 మంది విద్యార్థినులు, 18 మంది ఉపాధ్యాయులు సైనిక వైద్యశాలలో సేవ చేయడానికి బయలుదేరారు. పిల్లల వయస్సు పదిహేనుకూ పంతొమ్మిదికీ నడుమ. మూడు నెలలు తిరిగేసరికి ఈ 240 మందిలో 136 మంది మరణించారు. వారిలో 123 మంది విద్యార్థినులు. సైన్యం వెంట వెళ్ళక, తమ తమ ఊళ్ళలో, దారులలో చనిపోయిన అదే విద్యాలయాల వారిని కూడా కలుపుకుంటే ఆ సంఖ్య 227కు చేరుతుంది. బ్రతికి బయటపడిన వారే ముసలితనంలో పూనుకొని, తమ తోటివారి కోసం 1989 జూన్ 23న ఇతోమన్ పట్టణ పరిధిలోని ఇహరా గ్రామంలో ఒక స్మారక సంగ్రహాలయం నిర్మించారు. దానిని మా కుటుంబం చూసి వచ్చిన పిమ్మట ఈ వ్యాసం రాస్తున్నాను.

ఒకినావాను గురించి మన పిల్లలకు నాలుగు మాటలు చెప్పాలి. అది ఆదినుండి జపాన్ కాదు. ర్యూక్యూ అనే స్వతంత్ర రాజ్యంగా శతాబ్దాల పాటు చైనాతో, జపానుతో, ఆగ్నేయాసియా రేవులతో వర్తకం సాగించిన ద్వీపమాల అది. 1879లో జపాన్ ప్రభుత్వం ఆ రాజ్యాన్ని రద్దుచేసి తన జిల్లాలలో ఒకటిగా కలుపుకుంది. అక్కడి ప్రజల భాష జపానుభాషకు చుట్టమే గాని, జపాను ప్రధాన ద్వీపం నుండి వచ్చిన వాడికి ఒక్క ముక్క కూడా అర్థం కాదు. కొత్త ప్రభుత్వానికి ఆ భాష ఒక అడ్డుగా తోచింది. బడులలో దానిని మాన్పించడానికి 'హోగెన్ ఫుదా' అనే చిన్న చెక్కబిళ్ళను వాడుకలోకి తెచ్చారు. ఇంటి మాట నోట వచ్చిన పిల్లవాడి మెడలో ఆ బిళ్ళను వేలాడదీసేవారు. మరొక పిల్లవాడు అదే తప్పు చేస్తే అది వాడి మెడలోకి మారేది. కాబట్టి మెడలో బిళ్ళ పడ్డ బిడ్డ రోజంతా చెవులు రిక్కించి, తన స్నేహితులలో ఎవరు అమ్మభాషలో మాట్లాడతారా అని కాచుకొని ఉండేవాడు. శిక్ష వేసేది గురువు, నిఘా వేసేది తోటి పిల్లలు. ఇంతకంటె పకడ్బందీగా ఒక భాషను ఇంటి గడపలోపలికి నెట్టివేసే ఉపాయం నేను ఎక్కడా చదవలేదు.

మన పిల్లలు పరాయిదేశపు బడిలో తెలుగు మాట్లాడితే తోటివారు నవ్వుతారేమోనని జంకుతారు. అది వేరు, ఇది వేరు. అయినా, ఆదివారం తెలుగు తరగతికి రానని మారాం చేసే పిల్లలున్న ఇళ్ళలో ఈ చెక్కబిళ్ళ కథ ఒకసారి చెప్పి చూడండి.

ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. ఆ విద్యార్థినులు అంత సులువుగా యుద్ధానికి ఎలా వెళ్ళారన్న ప్రశ్న మ్యూజియం చూసే ప్రతివారికీ కలుగుతుంది. ప్రదర్శనలోని మొదటి గది దానికే కొంత సమాధానం చెబుతుంది. ఆ గదిలోని ఛాయాచిత్రాలలో పిల్లలు నవ్వుతూ ఉంటారు. రెండు జడలు, నావికుల దుస్తుల పద్ధతిలో కుట్టిన బడి బట్టలు, వసతి గృహంలో స్నేహితురాళ్ళ గుంపులు, ఆటల పోటీలు. ద్వీపం నలుమూలల నుండి ఏరికోరి చేర్చుకున్న తెలివైన పిల్లలు వారు. వారిలో చాలామందికి పంతులమ్మ కావాలన్నదే ఆశయం. తర్వాత చిత్రాలలో రంగు మారుతుంది. ఆంగ్ల పాఠాలు పోయాయి. చదువు గంటలు తగ్గి, సైన్యం కోసం కందకాలు తవ్వడం, విమానాశ్రయం పనులకు మట్టి మోయడం పెరిగాయి. చక్రవర్తి కోసం ప్రాణమివ్వడమే పౌరధర్మమని పాఠం. ఒకినావా వారు 'పూర్తి జపానీయులు' కారన్న చిన్నచూపు ఎప్పుడూ ఉండనే ఉంది. దానిని పోగొట్టుకోవడానికి ఇతరులకంటె రెండింతలు విధేయత చూపాలన్న తపన ఆ తరానికి బడిలోనే ఎక్కింది. మెడలోని బిళ్ళకూ, పిల్లల చేతి కట్టుగుడ్డల పెట్టెకూ మధ్య దూరం తక్కువని నాకు అక్కడ అనిపించింది.

అమెరికా సేనలు 1945 ఏప్రిల్ 1న ద్వీపపు నడిమి భాగంలో దిగాయి. అంతకు వారం ముందునుండే విమానాలు, యుద్ధనౌకలు గుండ్లు కురిపించసాగాయి. ఆ బాంబుల వానను ఒకినావా వారు నేటికీ 'ఇనుప తుఫాను' అంటారు. తుఫానులు ఎరిగిన ద్వీపవాసులకు అంతకంటె తగిన పోలిక దొరకలేదు కాబోలు. మూడు నెలల పోరులో రెండు లక్షల మందికి పైగా చనిపోయారు. ద్వీపవాసులలో ప్రతి నలుగురిలో ఒకరు పోయారని లెక్క. జపాన్ సైనికాధికారుల ఉద్దేశం ద్వీపాన్ని నిలబెట్టుకోవడం కాదు. శత్రువును వీలైనన్ని రోజులు అక్కడే నిలువరించి, ప్రధాన ద్వీపాల రక్షణకు వ్యవధి సంపాదించడం. ద్వీపమూ, ద్వీపంలోని జనమూ ఆ వ్యవధికి చెల్లించిన వెల.

ఆ ఏప్రిల్ నెలలోనే సైన్యం మరొక ఉత్తర్వు వేసింది. సైనికుడైనా సాధారణ పౌరుడైనా, ఒకినావా భాషలో మాట్లాడేవారిని గూఢచారులుగా భావించి శిక్షిస్తామన్నది దాని సారాంశం. అవ్వలు, తాతలకు మరొక భాష రాదు. బడిలో మెడకు బిళ్ళ వేసిన నేరానికి యుద్ధంలో ప్రాణమే దండుగ అయింది.

ఇక విద్యార్థినుల విషయం. వారు వెళ్ళిన సైనిక వైద్యశాల అసతోకు ఆగ్నేయంగా అయిదు కిలోమీటర్ల దూరంలో, హాఎబరు అనే ఊళ్ళో ఉంది. వైద్యశాల అనగానే తెల్లని గోడలు, మంచాల వరుసలు ఊహించుకున్నామంటే పొరపాటు. కొండ పొట్టలోకి అడ్డంగా తవ్విన నలభై దాకా సొరంగాలవి. మట్టి గోడల పొడవునా రెండంతస్తుల చెక్క బల్లలు, వాటిపైన గాయపడిన సైనికులు, ప్రక్కన ఒక మనిషి నడవడానికి మాత్రమే చాలినంత సందు. ఏప్రిల్ గడిచేకొద్దీ ఆ బల్లలు నిండి, సందులు కూడా నిండిపోయాయి. చీము, నెత్తురు, మలమూత్రాల వాసనతో ఊపిరి ఆడేది కాదు. పుండ్లలో పురుగులు మెదిలే చప్పుడు చీకటిలో వినిపించేదని బ్రతికిన వారు చెప్పారు. మత్తుమందు చాలకుండా కాళ్ళూ చేతులూ కోసేటప్పుడు దీపం పట్టుకోవడం, కోసిన అవయవాలను బయటకు మోసుకుపోయి పారవేయడం, శవాలను పూడ్చడం, గుండ్లు పడుతూ ఉండగా నీళ్ళూ అన్నమూ మోసుకురావడం ఆ పిల్లల పనులు. మొదట్లో రోజుకు రెండు అన్నపు ముద్దలు దొరికేవి. పోనుపోను ఆ ముద్ద బల్లబంతి అంత అయింది.

బయలుదేరిన ఆరవ రోజున, మార్చి 29 రాత్రి, హాఎబరులోని ఒక పాకలో చివరి తరగతి వారికి పట్టభద్రోత్సవం జరిపారు. దీపాలు ఒకటి రెండు. బయట గుండ్ల మోత. ఆ సందర్భంలో పాడుకోవడానికి వారి యువ సంగీత ఉపాధ్యాయుడు ఒక వీడ్కోలు పాటకు బాణీ కట్టి, పిల్లలకు నేర్పి ఉంచాడు. ఆ రాత్రి దానిని పాడనివ్వలేదు. దానికి బదులు చక్రవర్తి కోసం మరణించడాన్ని కీర్తించే సైనిక గీతం పాడించారు. బాణీ కట్టిన ఉపాధ్యాయుడు జూన్ నెలలో గుహలో తన విద్యార్థినులతో పాటు మరణించాడు. పాట మాత్రం మిగిలింది.

ప్రదర్శనశాలలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి ఆయుధాలు కావు, వైద్య పరికరాలూ కావు. ఒక అద్దాల పెట్టెలో పెన్సిలు పెట్టెలు, ఫౌంటెన్ పెన్నులు, కొలబద్దలు, దువ్వెనలు, చిన్న అద్దం వంటి వస్తువులున్నాయి. యుద్ధం ముగిసిన సుమారు నలభై ఏళ్ళకు, మ్యూజియం కట్టే సంకల్పంతో, అప్పటికి యాభై అరవై ఏళ్ళ స్త్రీలైన పూర్వ విద్యార్థినులు తిరిగి ఆ గుహలలోకి దిగి, బురద తవ్వి, తమ స్నేహితురాళ్ళ అస్థికలతో పాటు ఈ వస్తువులను వెలికితీశారు. మా అమ్మాయికి పదహారేళ్ళు. పెట్టెకు ముఖం ఆనించి చూస్తూ, "అమ్మా, ఆసుపత్రిలో పని చేయడానికి వెళ్తూ పెన్సిల్ బాక్సులు ఎందుకు పట్టుకెళ్ళారు?" అని అడిగింది. దాని ప్రశ్నకు జవాబు ప్రక్కనే ఉన్న వాఙ్మూలంలో ఉంది. యుద్ధం కొద్ది రోజులలో ముగుస్తుందనీ, ఎర్ర శిలువ గుర్తున్న వైద్యశాలపై బాంబులు పడవనీ, త్వరలో బడికి తిరిగి వస్తామనీ వారు నమ్మారు. తీరిక దొరికితే చదువుకోవచ్చునని పుస్తకాలు సర్దుకున్నారు. మా అమ్మాయి మరి ప్రశ్న వేయలేదు. చాలాసేపు ఆ పెట్టె దగ్గరే ఉండిపోయింది.

మే నెల చివరికి షురి కోట క్రింద సొరంగాలలోని సైన్యపు ప్రధాన స్థావరం నిలువలేక దక్షిణానికి తరలింది. మే 25న వైద్యశాల వారికీ తరలిపోవలసిందిగా ఆజ్ఞ వచ్చింది. నడవగలిగిన వారు నడిచారు. నడవలేని రోగులను వదిలివేశారు. వారిలో చాలామందికి విషం కలిపిన పాలు ఇచ్చారు. వానాకాలపు బురదలో, రాత్రిపూట, గాయపడిన తోటివారిని డోలీలలో మోస్తూ పిల్లలు దక్షిణపు కొసకు చేరారు. అక్కడ తవ్విన సొరంగాలు లేవు. సున్నపురాతి నేలలో సహజంగా ఏర్పడిన గుహలున్నాయి. ఒకినావా భాషలో వాటిని 'గామా' అంటారు. అప్పటికే ఆ గామాలలో పల్లె జనం తలదాచుకొని ఉన్నారు. సైన్యం కొన్నిచోట్ల వారిని వెళ్ళగొట్టి ఆ చోటు తాను తీసుకుంది. గుహలో ఏడ్చిన పసిబిడ్డల సంగతి ఒకటి రెండు వాఙ్మూలాలలో చదివాను. ఇక్కడ దానిని రాయను.

జూన్ 18 రాత్రి విద్యార్థి దళానికి రద్దు ఉత్తర్వు అందింది. ఇక మీ ఇష్టం, మీ దారి మీరు చూసుకోండి అన్నారు. వినడానికి అది విడుదల లాగ ఉంటుంది. అప్పటికి ద్వీపపు చిట్టచివరి భూభాగంలో, మూడు దిక్కులా సముద్రమూ నాలుగవ దిక్కున శత్రుసేనా ఉన్న చోట, గుహ విడిచి వెళ్ళిపొమ్మని పిల్లలకు చెప్పడమది. అంకెలు చూడండి. మార్చి 23 నుండి ఆ రాత్రి వరకు, దాదాపు తొంభై రోజులలో, గుండ్ల నడుమ నీళ్ళు మోస్తూ చనిపోయిన వారు 19 మంది. రద్దు ఉత్తర్వు వచ్చిన తర్వాత కొద్ది రోజులలోనే వందమందికి పైగా చనిపోయారు. ఈ యుద్ధాన్ని గురించి చదివిన వాటిలో నాకు అన్నిటికంటె కోపం తెప్పించిన వాస్తవం ఇదే. తమ అవసరం ఉన్నన్నాళ్ళు పిల్లలను వెంట ఉంచుకొని, రక్షణ అవసరమైన క్షణాన వారిని బయటికి నెట్టిన పెద్దల మాటను 'రద్దు' అన్న ఒక్క పొడి పదంతో చరిత్ర పుస్తకాలు దాటవేస్తాయి.

మరునాడు, జూన్ 19 ఉదయం, ఇహరాలోని మూడవ శస్త్రచికిత్సా విభాగపు గుహలో ఇంకా వంద మంది దాకా ఉన్నారు. బయట నుండి అమెరికా సైనికులు బయటకు రమ్మని పిలిచారు. ఎవరూ కదలలేదు. లోపలికి విషవాయువు చిమ్మే గుండ్లు పడ్డాయి. ఎనభై మందికి పైగా అక్కడికక్కడే చనిపోయారు. చనిపోయిన హిమెయురి వారే నలభై మందికి పైగా. ఈనాడు మ్యూజియం ముందున్నది ఆ గుహ నోరే. ఒక పెద్ద బావిలా నేలలోకి నల్లగా తెరుచుకొని ఉంటుంది. దాని అంచున పచ్చని చెట్లు, ఫెర్నులు. 1946 ఏప్రిల్‌లో, తినడానికి తిండి లేని రోజులలో, చుట్టుప్రక్కల చెల్లాచెదురుగా పడి ఉన్న అస్థికలను పోగుచేసిన నిర్వాసితులు ఆ గుహ ప్రక్కన ఒక చిన్న రాతిని నిలబెట్టారు. మోకాలెత్తున ఉండే ఆ రాయే మొదటి 'హిమెయురి స్తంభం'. పెద్ద కట్టడాలన్నీ తర్వాత వచ్చాయి. సందర్శకులు ప్రవేశద్వారం దగ్గర పూలు కొని అక్కడ ఉంచుతారు.

పిలిచినప్పుడు వారు ఎందుకు బయటకు రాలేదు? ఈ ప్రశ్న కూడా మా అమ్మాయిదే. శత్రువు చేతికి చిక్కితే ఆడవారిని చిత్రహింసలు పెట్టి చంపుతారని పిల్లలకు బడిలో, సైన్యంలో పదే పదే నూరిపోశారు. లొంగిపోవడం అన్నిటికంటె పెద్ద అవమానమని చెప్పారు. సముద్రపు ఒడ్డున చిక్కుకున్న వారికి అమెరికా పడవల నుండి జపాను భాషలో, "మిమ్మల్ని కాపాడతాం, ఈదుకుంటూ రండి" అన్న కేకలు వినిపించేవి. వారు వాటిని మోసమనుకున్నారు. అరసకి రాతి తీరంలో కొందరు విద్యార్థినులు తమ ఉపాధ్యాయునితో కలిసి చేతిబాంబు పేల్చుకొని చనిపోయారు. అక్కడికి కొంతదూరంలోనే అమెరికా సైనికులకు చిక్కిన ఇతర విద్యార్థినులకు నీళ్ళు, మందులు దొరికాయి. చిక్కిన వారు బ్రతికారు. ఇరువురి మధ్య తేడా తెలివిలోనో ధైర్యంలోనో లేదు. ప్రక్కన ఉన్న పెద్దవారు ఆ క్షణాన ఏమన్నారన్న దానిలో ఉంది.

నకసోనె సెయిజెన్ అనే ఉపాధ్యాయుని కథ ఇక్కడ చెప్పుకోవాలి. విద్యార్థినుల వెంట వెళ్ళిన 18 మందిలో ఆయన ఒకరు, భాషాశాస్త్ర పండితుడు. మెడకు గాయమై, ఒక చిన్న విద్యార్థినుల బృందంతో దక్షిణ తీరానికి చేరుకున్నారు. శత్రువు చుట్టుముట్టినప్పుడు చేతిబాంబు వాడనీయక పిల్లలను ఆపారు. ఆయనతో ఉన్నవారు బ్రతికారు. పోయిన పిల్లలను యుద్ధానికి తోడ్కొని వెళ్ళిన వారిలో తాను కూడా ఒకడినన్న భారం ఆయనను జీవితాంతం వదలలేదు. 1951లో విద్యార్థినుల వాఙ్మూలాలను సేకరించి 'ఒకినావా విషాదం' అన్న అర్థం వచ్చే పేరుతో పుస్తకంగా వెలువరించారు. 1989లో మ్యూజియం తెరిచినప్పుడు మొదటి సంచాలకులు ఆయనే. గురువుల బాధ్యతను ఈ ప్రదర్శనశాల దాచదు. పిల్లలు కేవలం బలిపశువులు, పెద్దలు నిస్సహాయులు అన్న సుఖమైన కథ అక్కడ లేదు. అది దాని నిజాయితీ.

సినిమాలు ఆ పని చేయలేదు. 1953లో వచ్చిన 'హిమెయురి స్తంభం' చలనచిత్రం జపాను అంతటా జనాన్ని ఏడిపించింది. ఆ తర్వాత మరికొన్ని వచ్చాయి. వాటిలో ఆ పిల్లలు దేశం కోసం వాడిపోయిన నిర్మలమైన పువ్వులు. బ్రతికి ఉన్నవారికి ఈ చిత్రణ గుచ్చుకుంది. మేము పువ్వులం కాము, పేలు పట్టి, ఆకలితో, భయంతో, ఒక్కొక్కప్పుడు గాయపడిన స్నేహితురాలిని వదిలి పరుగెత్తిన మనుషులమని చెప్పుకోవడానికి వారికి దశాబ్దాలు పట్టింది. వదిలి వచ్చిన స్నేహితురాలి తల్లి ముందు నిలబడలేక ఊరికే వెళ్ళని వారున్నారు. యుద్ధం తర్వాత వారి విద్యాలయాలు తిరిగి తెరవలేదు. బడి లేని పూర్వ విద్యార్థినుల సంఘం ఒకటి మిగిలింది. ఆ సంఘమే 1982లో నిర్ణయించుకొని, చందాలు పోగుచేసి, మ్యూజియం కట్టి, తామే మార్గదర్శకులుగా నిలబడి, వచ్చిన బడి పిల్లలకు ఎదురుగా కథ చెప్పసాగింది.

నాలుగవ గదిలో గోడల నిండా ముఖాలున్నాయి. రెండు వందలకు పైగా చిత్రాలు. ప్రతి చిత్రం క్రింద పేరు, వయస్సు, ఆ పిల్ల స్వభావం, ఎక్కడ ఎలా చనిపోయిందన్నది రెండు మూడు వాక్యాలలో ఉంటాయి. ఒకరు పాట బాగా పాడేవారు, ఒకరు పరుగు పందెంలో మేటి, ఒకరు నెమ్మదస్తురాలు. గది నడుమ బల్లల మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసిన వాఙ్మూలాల గ్రంథాలు తెరిచి ఉంటాయి. నిలబడి పుటలు తిప్పుతూ చదువుకోవాలి. గదిలో పది పదిహేను మంది ఉన్నా పుటలు తిరిగే చప్పుడు తప్ప మరొకటి వినరాలేదు. ఒక ప్రక్క మూడవ విభాగపు గుహకు నిజపు కొలతలలో చేసిన నమూనా ఉంది. చిన్నపిల్లలున్న కుటుంబాలు ఆ గదికి ముందే వారితో కొంచెం మాట్లాడి ఉంచుకోవడం మంచిది. ఎనిమిది తొమ్మిదేళ్ళలోపు వారిని లోపలికి తీసుకుపోకుండా, బయట తోటలో కూర్చోబెట్టినా తప్పులేదని నా అభిప్రాయం.

అదే దీవిలో, నాహా నగరంలో, మరొక చిన్న స్మారకశాల ఉంది. యుద్ధం తమ దీవికి రాబోతున్నదని తెలిసి ప్రభుత్వం బడి పిల్లలను జపాను ప్రధాన ద్వీపాలకు తరలించసాగింది. అలా వెళ్తున్న త్సుషిమా మారు అనే ఓడను 1944 ఆగస్టు 22 రాత్రి అమెరికా జలాంతర్గామి బోఫిన్ ముంచివేసింది. పేర్లు తెలిసిన మృతులు 1,484 మంది, వారిలో 784 మంది బడి పిల్లలు. ఓడలో పిల్లలున్న సంగతి జలాంతర్గామి వారికి తెలియదు. బ్రతికి ఒడ్డుచేరిన పిల్లలను ఈ మాట ఎవరికీ చెప్పవద్దని సైన్యం కట్టడి చేసింది. కొడుకు ఉత్తరం ఎందుకు రాలేదో తెలియక తల్లులు ఎదురుచూశారు. 2004లో, ఓడ మునిగి సరిగ్గా అరవై ఏళ్ళు నిండిన రోజున, ఆ స్మారకశాల తెరిచారు. బోఫిన్ జలాంతర్గామి ఈనాడు హవాయిలోని పెర్ల్ హార్బరులో ప్రదర్శనకు నిలిచి ఉంది. అమెరికాలోని మన కుటుంబాలు సెలవులకు వెళ్ళి దాని ముందు ఫోటోలు దిగుతాయి. మేమూ దిగాము. ఒక యుద్ధపు రెండు కొసలు రెండు ద్వీపాలలో ఉన్నాయి.

ఇదంతా చదివి జపానును కేవలం బాధితదేశంగా భావించరాదు. అదే సైన్యం మలయాను ఆక్రమించినప్పుడు అక్కడి రబ్బరు తోటలలోని తమిళులను, తెలుగువారిని సయాం–బర్మా రైలు మార్గం వేయడానికి తరలించుకుపోయింది. వారిలో వేలాదిమంది ఆ అడవులలోనే పోయారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసినవీ జపాన్ విమానాలే. విశాఖ వదిలి బళ్ళు కట్టుకొని పల్లెలకు పారిపోయిన రోజుల మాట ఆ ప్రాంతపు పెద్దల నోట మనలో కొందరు విన్నవారే. అయితే ఆ విమానాలను పంపినవారు వేరు, పెన్సిలు పెట్టె సర్దుకున్న పిల్లలు వేరు.

హిమెయురికి కొద్ది దూరంలో, మబుని కొండమీద, 1995లో నెలకొల్పిన 'శాంతి పునాదిరాయి' ఉంది. నల్లరాతి గోడలు సముద్రం వైపు అలలలా వరుసలు తీరి, 2,40,000కు పైగా పేర్లు మోస్తూ ఉంటాయి. ఒకినావా వారు, జపానీయులు, అమెరికన్లు, కొరియన్లు, అందరి పేర్లూ ఒకే ఎత్తులో ఉంటాయి. జూన్ 23న ఒకినావా అంతటా సంస్మరణ దినం. ఆనాడు కుటుంబాలు తమ వారి పేరు వెతుక్కొని, దాని ముందు పూలు, నీళ్ళు, తినుబండారాలు ఉంచి నేలమీద కూర్చుంటాయి. పేరు, గోత్రం చెప్పి నీళ్ళు వదిలే మనకు ఆ దృశ్యాన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

కథ చెప్పే పూర్వ విద్యార్థినులు వృద్ధులయ్యారు. 2015 మార్చితో వారు మ్యూజియంలో క్రమం తప్పకుండా ఉపన్యసించడం ముగించారు. అప్పటికే యుద్ధానంతర తరంవారికి ఆ పని నేర్పుతూ వచ్చారు. 2021 ఏప్రిల్‌లో ప్రదర్శన మొత్తాన్ని మళ్ళీ తీర్చిదిద్దినది ఆ కొత్త తరమే. యుద్ధం చూడనివారు, యుద్ధం చూడనివారికి చెప్పవలసి వచ్చింది. అందుకని వారు చేసిన మార్పులలో ఒకటి నాకు నచ్చింది. పిల్లలు బిగదీసుకొని నిలబడిన ఛాయాచిత్రాలకంటె నవ్వుతున్న వాటిని పెద్దవిగా చేసి ముందు పెట్టారు. చనిపోయిన పిల్ల కాక, తనలాంటి పిల్ల కనబడాలి అన్నది వారి ఆలోచన.

నకసోనె మాస్టారు 1995లో కాలం చేశారు. యుద్ధం తర్వాత ఆయన చేసిన రెండవ పెద్ద పని సంగతి మ్యూజియం చూసేవారికి అంతగా తెలియదు. ఒకినావా ఉత్తర భాగంలోని నకిజిన్ ఆయన పుట్టిన ఊరు. ఆ ఊరి మాటలను ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా ఏరి, ఉచ్చారణతో, అర్థంతో, వాడుకతో సహా కూర్చి, 1983లో ఒక బృహన్నిఘంటువుగా ప్రచురించారు. బడిలో మెడకు చెక్కబిళ్ళ తెచ్చిపెట్టిన మాటలవి. 2009లో యునెస్కో ప్రమాదంలో ఉన్న భాషల పట్టికలో ర్యూక్యూ భాషలను చేర్చింది. నకిజిన్ మాట వాటిలో కునిగామి శాఖకు చెందినది. దానిని నేర్చుకోదలచిన యువకులు ఈనాడు మొదట తెరిచే పుస్తకాలలో ఆ నిఘంటువు ఒకటి.